మన ఇష్టం ఇంకొకరికి బరువు కాకుండా నడుపుకోవడం ఎలా? (వీణ నేర్చుకోవాలనుకుంటున్నాను)

చిన్నవీధి (విజయనగరం)

అందరికీ నమస్కారం. నలభై దాటాయి, ఒక కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. వీణ నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. 1919 నుంచీ సంగీత పాఠాలు చెబుతున్న కళాశాల ఉన్న ఊళ్లో పుట్టి పెరిగి, ఒక్క సరళీ స్వరం కూడా వాయించకుండా ఇన్నేళ్లు గడిపాను. ఇప్పుడు ఇక ఆగలేకపోతున్నాను.

అద్దె ఇల్లు, రెండు గదులు, మధ్యలో హాలు. అత్తగారికి డెబ్బై దాటాయి. మధ్యాహ్నం కునుకు చెడితే ఆవిడకు రాత్రంతా తలనొప్పి. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. మావారు దుకాణం మూసి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గోడకు అవతల ఇంకో కుటుంబం, వాళ్లకు చంటిపాప. నేను క్లాసుకు వెళ్లిన సాయంత్రం పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలి? సాధన చేసే గంటలో ఎవరి నిద్ర పాడవుతుంది? వీణ డబ్బు ఏ ఖర్చులోంచి తీయాలి? "నేర్చుకో, ఎవరు వద్దన్నారు?" అని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆ మాట వల్ల చివరికి ఎవరి నడుము వంగుతుందో నాకు తెలుసు.

ఇలాంటి ఇష్టాన్ని ఇంటివాళ్లకు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా నడుపుకుంటున్నవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పే మాటలు వద్దు. ఏ వేళ, ఏ గది, ఎంత డబ్బు, ఎవరితో ఏం మాట్లాడారు, అవి కావాలి.

గంటస్తంభం (విజయనగరం)

అమ్మా, నేను మృదంగం వాయిస్తాను. వీణకంటే నాదే పెద్ద మోత కాబట్టి మొదట చప్పుడు సంగతి చెబుతాను.

శబ్ద కాలుష్యం మీద కేంద్రం 2000లో నియమాలు తెచ్చింది. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఇది చట్టం. అయితే మధ్యాహ్నం రెండింటికి మృదంగం వాయిస్తే ఏ పోలీసూ రాడు కానీ పక్కింటి పాప మాత్రం లేస్తుంది. ఆ తల్లి ఎంతో అవస్థ పడి నిద్రపుచ్చి ఉంటుంది. చట్టం చూసే గడియారం వేరు, గోడ అవతలివాళ్ల గడియారం వేరు.

అందుకే ఈ ఇంట్లో దిగిన వారంలోనే నేను అటూ ఇటూ ఉన్న ఇళ్లకు వెళ్లి మూడు సంగతులు అడిగాను. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లున్నారా? పసిపిల్లలు ఏ వేళ నిద్రపోతారు? పరీక్షలు రాసేవాళ్లున్నారా? ఒక ఇంట్లో రైల్వే ఉద్యోగి ఉన్నాడు. డ్యూటీ మారినప్పుడల్లా వాళ్లావిడ మా గుమ్మం దగ్గరకు వచ్చి ఒక మాట చెబుతుంది, ఆ వారం నేను వేళ మార్చుకుంటాను. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు మా వీధిలో ఎవరికీ ఇబ్బంది లేదని అలా తేలింది. కుక్కర్లు, టీవీలు, బళ్ల హారన్లు అన్నీ కలిసి మోగే ఆ గంటలో నా మృదంగం ఎవరికీ అడ్డు కాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఫిర్యాదు వచ్చాక వెళ్లి క్షమించమనడం, ముందే వెళ్లి అడగడం ఒకటి కావు. ముందే అడిగితే వాళ్లే మనకు వేళ కుదురుస్తారు.

బొబ్బిలి పనస (బొబ్బిలి)

వీణలు చేసే గొల్లపల్లి మాకు పక్కనే. పనసకర్రను తొలిచి కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) విడదీయకుండా ఒకే దుంగలో చేసే ఏకాండి వీణ ఇక్కడి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎంత మక్కువ ఉన్నా మొదటి ఏడాదే ఏకాండి కొనకండి అక్కా. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలు దాటేదాకా మీ చేతికి ఆ తేడా తెలియదు, డబ్బు మాత్రం కదలకుండా ఒక మూల కూర్చుంటుంది. మొదట పాఠం చెప్పే చోట ఉన్న వీణ మీదే వాయించండి. తర్వాత, వాడి పక్కన పెట్టేసినవి ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో చూడండి. పిల్లకు నేర్పిద్దామని కొని, ఆ పిల్ల చదువుకు వెళ్లిపోయాక బీరువా పైన గుడ్డ కప్పి ఉంచిన వీణలు మన రెండు జిల్లాల్లో చాలా ఉన్నాయి. వాటికి మెట్లు (తీగల కింద వేలు నొక్కే లోహపు పట్టీలు) నిలిపే మైనం ఎండి జారిపోయి ఉంటుంది. మళ్లీ మైనం వేయించి, మెట్లు సరిచేయించి, తీగలు మార్పిస్తే చక్కగా పలుకుతాయి. కొత్తదాని ఖర్చులో చిన్న వంతు సరిపోతుంది.

ఇక సాధన. నిజానికి వీణ చిన్న గొంతు వాయిద్యం, మైకు లేకపోతే పక్క గదికే సరిగ్గా చేరదు. అదీ వద్దనుకుంటే కుండ పైన తీగలు ఆనుకునే చోట, తీగల కింద మెత్తని గుడ్డ మడిచి దూర్చండి. మోత అణిగిపోతుంది, వేళ్లకు పని మాత్రం తగ్గదు. మొదట్లో కష్టమంతా ఎడమచేతిది. ఏ మెట్టు మీద ఏ వేలు, తీగ ఎంత లాగితే గమకం (స్వరంలోని ఊపు) పలుకుతుంది అన్నది చేతికి పట్టాలి. దాన్ని మీటకుండా కూడా సాధన చేయవచ్చు. శ్రుతి ఫోనులో పెట్టి ఒక్క చెవికే ఇయర్‌ఫోను పెట్టుకోండి. నాదం సరిచూసుకోవడానికి పూర్తిగా వాయించే గంట మాత్రం గంటస్తంభం గారు చెప్పినట్టు వేళ చూసుకుని పెట్టుకోండి.

మాస్టారు (ఆమదాలవలస)

అమ్మా, చప్పుడు కొంతసేపే ఉంటుంది. చోటు ఆక్రమించే ఇష్టాలు వేరు, వాటి గురించి చెబుతాను. నాది పుస్తకాల పిచ్చి. మంచం కింద, అటక మీద, వంటింటి అలమారలో కూడా పుస్తకాలే. మా తోటి ఉపాధ్యాయుడు ఒకరు కాలం చేశాక ఆయన పిల్లలు నలభై ఏళ్ల సేకరణను ఏం చేయాలో తెలియక తల పట్టుకున్నారు. అమ్మలేరు, పారేయలేరు, అద్దె ఇంట్లో పెట్టుకోలేరు. ఆయన ఇష్టం ఆయన తర్వాత పిల్లల మెడకు చుట్టుకుంది.

కాళీపట్నం రామారావు గారు చేసిన పని నాకు ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. బడిపంతులుగా బతికిన మనిషి. తెలుగు కథ అంటే ప్రాణం. తనకు వచ్చిన పురస్కారాల డబ్బు వెచ్చించి శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం ప్రారంభించారు. పాత పత్రికల్లో చెదలు తినేస్తున్న కథలెన్నో అక్కడికి చేరాయి. ఆయన 2021లో వెళ్లిపోయారు. కథలు మాత్రం అక్కడే ఉన్నాయి, ఇంటర్నెట్‌లోకీ చేరాయి. ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి చూసుకుంటున్నారు. అవే కథలు ఆయన ఇంట్లో ఉండిపోయి ఉంటే ఇంటివాళ్లకు దుమ్ము దులిపే పని మిగిలేది.

అంత పెద్ద పని నా వల్ల కాదు. నేను చేసేది ఒక్కటే. పుస్తకం కొన్నరోజే మొదటి పేజీలో, నా తర్వాత అది ఎక్కడికి పోవాలో పెన్సిల్‌తో రాస్తాను. ఫలానా బడికి, ఫలానా గ్రంథాలయానికి అని. అలా రాయడానికి ఏ పేరూ తోచని పుస్తకం కొనను.

వంశధార (శ్రీకాకుళం)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ నలభై ఏళ్ల సేకరణను నలభై ఏళ్లూ దులిపింది ఎవరు?

చిన్నవీధి అక్కా, మీ పోస్టు చదివి నాకు కోపం వచ్చింది. మీ మీద కాదు. ఆదివారం పొద్దున్నే క్రికెట్ కిట్టు భుజాన వేసుకుని వెళ్లిపోయే మగవాళ్లలో ఒక్కరైనా "నా ఆట ఎవరికి బరువు?" అని పోస్టు పెట్టారా? వాళ్లు వచ్చేసరికి టిఫిను వేడిగా ఉంటుంది, మట్టి బట్టలు సాయంత్రానికి ఆరి ఉంటాయి. మీరు కొన్ని సాయంత్రాలు అడగడానికి ఇంత లెక్క వేస్తున్నారు. ఈ లెక్క వేసే అలవాటు వల్లే ఎంతోమంది ఆడవాళ్ల వీణలు బీరువా పైకెక్కాయి.

మనం గిడుగు రామమూర్తి గారిని తలచుకుంటాం. పర్లాకిమిడిలో బడిలో పాఠాలు చెబుతూనే, సవర గిరిజనుల భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లల చదువు కోసం సొంత డబ్బు ఖర్చు పెట్టారు. గొప్ప పని, నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ ఇంటి పొయ్యి దగ్గర ఉన్నవాళ్లకు కూడా ఆ పనిలో వాటా ఉంది కదా! వాళ్లను ఎవరం తలుస్తున్నాం?

నన్నడిగితే, ఎవరి మీదా పడకుండా సాగే ఇష్టం అంటూ ఉండదు. కొంత బరువు పడుతుంది. అది ఎప్పుడూ ఒకే మనిషి మీద పడకుండా చూసుకోవాలి, అంతే.

మాస్టారు (ఆమదాలవలస)

సరైన ప్రశ్న అడిగావమ్మా. ఆయన భార్యే దులిపారు. మా ఇంట్లో నేనే దులుపుకుంటాను. ఆ మాట ముందే చెప్పవలసింది.

నెల్లిమర్ల బస్సు (నెల్లిమర్ల)

ఇంట్లోవాళ్ల గురించి ఇంత ఆలోచించేవాళ్లు బస్సెక్కితే ఎందుకు మారిపోతారో తెలియదు. ఫోనులో పాటలు, రీల్సు, వార్తల్లో అరుపులు, ఒక్కరికీ ఇయర్‌ఫోను ఉండదు. రోజూ ఇదే. చంటివాడు ఏడిస్తే విసుక్కునే మనిషి ఫోనే అందరికంటే గట్టిగా మోగుతుంది.

టెక్కలి కొంగలు (టెక్కలి)

నాది పక్షుల ఫొటోల సరదా. ఇక్కడ బరువు పడేది ఇంటివాళ్ల మీద కాదు, కాబట్టి అడిగేవాళ్లు లేరు. అందుకే రాస్తున్నాను.

తేలినీలాపురం మీలో చాలామంది చూసి ఉంటారు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు (ఒక జాతి కొంగలు) ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను లేపుతాయి. ఆ నెలలన్నీ ఊళ్లో రెట్టల వాసన, గూళ్లలోంచి జారిపడిన చేపల కంపు. ఊరివాళ్లు ముక్కు మూసుకోరు, ఒక్క కొమ్మ కొట్టరు. పక్షులు వస్తేనే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం.

మేము కెమెరాలు పట్టుకుని ఆదివారం పూట దిగుతాం. మంచి ఫొటో కోసం ఇంకాస్త దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. చప్పట్లు కొట్టి ఎగరగొట్టేవాళ్లు కూడా ఉన్నారు, రెక్కలు విప్పిన ఫొటో కావాలట. తల్లి లేచిపోయిన గూట్లో రెండు మూడు రోజుల పిల్ల ఎండకు మాడుతుంది. కాకి ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అనే మాటకు ఇంతకంటే పచ్చి ఉదాహరణ నేను చూడలేదు.

నేను పెట్టుకున్న హద్దు ఇది. దూరం నుంచి చూస్తూ నడుస్తాను. కూర్చున్న పక్షులు మెడలు నిక్కించి నా వైపు తిరిగాయంటే నేను అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి, అవి మళ్లీ రెక్కలు దువ్వుకునేదాకా కెమెరా ఎత్తను. గూళ్ల మీదకు డ్రోను పంపేవాళ్లతో కలిసి వెళ్లను. ఒకరి పెరట్లోంచి చూడాల్సి వస్తే ఆ ఇంటి పెద్దను అడుగుతాను.

మన తీరానికి రాత్రుళ్లు సరదాగా వెళ్లేవాళ్లకూ ఒక మాట. గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చే నెలల్లో ఇసుక మీద బళ్లు నడపకండి, మంటలు వేయకండి, టార్చిలు ఊపకండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పాకుతుంది. సముద్రం మీది వెలుగు వైపు పోవాల్సింది మీ దీపాన్ని నమ్ముకుని రోడ్డు మీదకు వస్తుంది.

పొందూరు నూలు (పొందూరు)

డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. అక్కా, వీణ కోసం డ్వాక్రా అప్పు మాత్రం తీసుకోవద్దు.

మా సంఘంలో ఒకావిడ కుట్టుమిషన్ అని చెప్పి అప్పు తీసుకుంది. నిజానికి ఆ డబ్బు పెట్టి వాళ్లబ్బాయికి పెద్ద కెమెరా కొన్నారు. వాడికి ఇష్టం, తప్పని అనను. నాలుగు వాయిదాలు కట్టి ఆగిపోయారు. సంఘం అప్పు అంటే అందరిదీ పూచీ. ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లందరికీ తర్వాతి అప్పు ఆగిపోతుంది. ఆ ఏడాది జూన్‌లో పిల్లల ఫీజులకు అప్పు పెట్టుకున్నవాళ్లకు రాలేదు. చివరికి మిగతావాళ్లం తలా కొంత వేసి కట్టాం. తర్వాత ఆవిడ వడ్డీ సహా తిరిగి ఇచ్చింది, అది వేరే సంగతి. కానీ వీధిలో ఎదురుపడితే పలకరించుకోవడం పోయింది.

మీ జీతంలోంచి నెలకు ఇంత అని వేరే ఖాతాలో వేయండి. పాఠం ఫీజు, తీగలు, ఆటో అన్నీ అందులోంచే. ఆ ఖాతాలో లేనిరోజు ఆగండి. ఇంటి డబ్బు, మీ వీణ డబ్బు కలవకపోతే ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేరు, మీకూ లోపల గుచ్చుకోదు.

చిన్నవీధి (విజయనగరం)

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. గుడ్డ మడిచి దూర్చే ఉపాయం, విడి ఖాతా, రెండూ రాసి పెట్టుకున్నాను.

వంశధారా, నీ మాట నిజమే. కానీ తల్లీ, మా ఇంట్లో నేను వదిలిన పని అత్తగారి చేతుల్లో పడుతుంది, మావారి చేతుల్లో పడదు. ఆవిడా ఆడమనిషే కదా. మగవాళ్లు లెక్క వేయరని నేనూ వేయడం మానేస్తే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నిలబడి చపాతీలు కాల్చాలి. అది నాకు న్యాయంగా తోచడం లేదు.

వంశధార (శ్రీకాకుళం)

ఒప్పుకుంటాను అక్కా. అయితే లెక్కలో మీ వారిని, అబ్బాయిని కూడా చేర్చండి. పదిహేడేళ్లవాడు అన్నం వండలేడా? ఇంటర్ చదువు అంటారు. వచ్చే ఏడాది హాస్టల్‌కు వెళితే కనీసం గుడ్డు వేయించుకోవడం రావాలి కదా!

కొండవెలగాడ నాన్న (నెల్లిమర్ల మండలం)

బరువు మోసేవాడి వైపు నుంచి ఒకరైనా రాయాలి అనిపించింది.

మా ఊళ్లో బరువులెత్తడం నేర్చుకునే పిల్లలు చాలామంది. ఆమదాలవలస దగ్గర పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయ్యాక ఈ చుట్టుపక్కల ఆడపిల్లలకు ఆ దారి తెరుచుకుంది. మా అమ్మాయీ ఎత్తుతుంది. నాది కూలి పని, కొంచెం భూమి. గుడ్లు, పాలు, పప్పు, నెలనెలా ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యేది దాని తిండికే. తెల్లవారుజామున సాధనకు నేనే దించి వస్తాను. వాళ్లమ్మ రెండుసార్లు వంట చేస్తుంది.

ఇది నాకు బరువు అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అడిగితే ఇంకా మోస్తాను. నాకు కోపం వచ్చేది ఎప్పుడంటే, ఉదయం సాధన లేదని ముందురోజు రాత్రే తెలిసి కూడా చెప్పనప్పుడు. నాలుగున్నరకు లేచి బండి తీసి నిలబడ్డాక "ఈరోజు లేదు నాన్నా" అంటే ఒళ్లు మండిపోతుంది. ఆ ఒక్క గంట నిద్ర ఆ రోజు నా పనికి కావాలి. తిండి ఖర్చు గురించి నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు, ఆ చిన్న కబురు గురించి చాలాసార్లు అన్నాను. ఇప్పుడు పడుకునే ముందు వచ్చి చెబుతోంది.

కాబట్టి అమ్మా, మీ ఇంట్లోవాళ్లు మోయలేరని మీకు మీరే అనుకోకండి. మోసేది ఎంతో, ఏరోజో, ఎన్నాళ్లో ముందు చెప్పండి. లేదనాలనుకుంటే లేదనే వీలు వాళ్లకు ఇవ్వండి.

చిన్నవీధి (విజయనగరం)

ఆదివారం భోజనాల తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. వారానికి రెండు సాయంత్రాలు, మంగళ, శుక్రవారాలు, ఐదున్నర నుంచి ఏడు. రోజూ ఇంట్లో అరగంట సాధన. నెలకు ఇంత డబ్బు, నా జీతంలోంచే. ఒక ఏడాది. మధ్యలో కుదరదనిపిస్తే ఎవరైనా చెప్పవచ్చు, మానను కానీ మారుస్తాను అన్నాను.

మావారు ఏమీ అనకుండా విని, మంగళవారం దుకాణానికి వారపు సెలవు కాబట్టి ఆరోజు వంట తనది అన్నారు. ఆయనకు వచ్చింది టమాటా పప్పు ఒక్కటే. ఫర్వాలేదు, మంగళవారం టమాటా పప్పే. అబ్బాయి శుక్రవారం అన్నం వండి పెడతానన్నాడు, కూర నేను పొద్దున్నే చేసి పెట్టాలి. పరీక్షల నెలలో ఆ పూట కర్రీ పాయింట్ నుంచి తెస్తాం, ఆ ఖర్చు వీణ ఖాతాలోంచి.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. నేను భయపడ్డాను. తర్వాత ఆవిడ అన్న మాట ఇది: "నువ్వు అడిగావు కనుక నేనూ అడుగుతున్నాను. ఏకాదశికి రామతీర్థం వెళ్లాలని నాకు ఎన్నాళ్ల నుంచో ఉంది. మీరు ఉద్యోగాల్లో ఉంటారు, ఎవరిని ఇబ్బంది పెట్టడం అని ఊరుకున్నాను." రామతీర్థం ఎంత దూరం? ఊరు దాటి గంటలోపు ప్రయాణం. ఈ ఇంట్లో నోరు తెరవనిది నేను ఒక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది. సెలవు పడిన ఏకాదశికి నేను, మిగతావాటికి మావారు ఆవిడను తీసుకెళ్లాలని ఒప్పందం కుదిరింది.

పక్కింటికి కూడా వెళ్లాను. పాప సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు పడుకుంటుందట. నా సాధన ఏడున్నరకు పెట్టుకున్నాను. పాప తల్లి ఇంకో మాట కూడా అంది. అప్పుడప్పుడూ పాప రాత్రి పన్నెండింటికి ఏడుస్తుందని, మాకు నిద్ర పాడవుతోందేమో అడగాలని తనూ అనుకుంటోందట.

వంశధార (శ్రీకాకుళం)

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. టమాటా పప్పు తర్వాత రెండో వంటకం కూడా నేర్పించండి అక్కా, ఏడాది పొడవునా ఒకటే అంటే పాపం పెద్దావిడకు.

బొబ్బిలి పనస (బొబ్బిలి)

చాలా సంతోషం. మా వీధిలో ఒకరి ఇంట్లో వాడని వీణ ఉంది, ఊరికే ఉంచడం కంటే ఎవరైనా వాయిస్తే మేలు అంటున్నారు. నెలకు ఇంత అని అద్దె ఇస్తే ఏడాదికి ఇస్తారట, మైనం పని ఖర్చు మాత్రం మీది. తీసుకునేముందు దండి ఎక్కడైనా పగిలిందేమో, తీగలు బిగించే బిరడాలు జారుతున్నాయేమో మీ గురువు గారికి చూపించండి. శనివారం వీలైతే రండి, నేను దగ్గరుండి చూపిస్తాను. బొబ్బిలి బస్టాండులో దిగి ఇక్కడ ఒక సందేశం పెట్టండి.

చిన్నవీధి (విజయనగరం)

శనివారం మధ్యాహ్నం దాకా కార్యాలయం ఉంది, మూడింటి బస్సుకు బయలుదేరుతాను. అబ్బాయిని తోడు తెచ్చుకుంటాను, వీణ ఒళ్లో పెట్టుకుని బస్సులో రావడం ఒక్కదాని వల్ల కాదు. వాడికి ఆరోజు పరీక్ష లేదని అడిగి తెలుసుకున్నాను.